తొమ్మిదో సంపుటం, ముప్పై ఒకటో పేజీ

శుక్రవారం పొద్దున పది గంటల పది నిమిషాలకి ఓటిస్ పెల్ఫ్రీ జైలు బెంచీ మీద నా ఎదురుగా కూర్చుని దగ్గుతున్నాడు. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో పీల్చిన దుమ్ము అది. గని మానేశాక పన్నెండేళ్లుగా మా కౌంటీ కోర్టులో నేల తుడుస్తున్నాడు. మొన్న బుధవారం మధ్యాహ్నం ఆ కోర్టు కింది అంతస్తులో, లా లైబ్రరీలో, లైబ్రేరియన్ మిస్ ఎఫీ బ్లాంటన్ చచ్చిపడి ఉంది. శవాన్ని మొదట చూసింది ఓటిస్. చంపింది కూడా అతనే అన్నారు.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి విచారణ. జడ్జి స్టాలర్డ్ ‘సాక్ష్యం చాలు’ అన్నాడంటే సాయంత్రానికల్లా ఓటిస్‌ని నూరు మైళ్ల అవతల పెద్ద జైలుకి పంపేస్తారు. ఆ ఊపిరితిత్తులతో ఆ జైల్లో ఒక్క చలికాలం గడవడం కూడా కష్టమే. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"ఒరేయ్, దగ్గు ఆగాకే చెప్పు. లైబ్రరీలోకి ఎన్నింటికెళ్లావు?"

"ఒంటిగంటా పదికి."

"నువ్వు అరిచింది ఒంటిగంటా ఇరవైకి. పది నిమిషాలు లోపల ఏం చేశావు?"

"కిటికీల వైపు నించి తుడుచుకుంటూ వస్తున్నా. ఆవిడ బీరువాల వెనక, ఆ ఇనప మెట్ల కింద పడుంది. అక్కడిదాకా వస్తేగా కనబడేది."

"పొద్దున ఆవిడతో గొడవపడ్డావంట."

"తడి నేల తొక్కకమ్మా అన్నా. ‘నేను నడవడానికి నీ పర్మిషన్ కావాలా’ అంది. రోజూ అంటది. పన్నెండేళ్ల నించీ అంటది. అనకపోతే ఆవిడకి ఒంట్లో బాలేదేమో అనుకుంటా."

"మరి రక్తం అంటిన నీ రుమాలు?"

"తల కింద పెట్టా. నేల చల్లగా ఉందని."

"చచ్చిన మనిషికి చలేంట్రా?"

"నాకేం తెలుసు లాంజో? నేనేమన్నా డాక్టర్నా?"

నేను ఇరవై ఆరేళ్లు రైల్వే పోలీసులో చేశాను. చదివింది ఆరో తరగతి. కానీ అబద్ధాలు విని విని చెవులు అరిగాయి. అబద్ధం చెప్పేవాడు చలి గురించి చెప్పడు, కంగారు గురించి చెబుతాడు. బెంచీ మీంచి లేచాను.

బయట ఐడా కాంబ్స్ నిలబడి ఉంది. ఓటిస్ తరపు లాయరు, ఈ కేసు ఆరా తియ్యమని నన్ను పిలిచింది ఆమే. నలభై ఏళ్లుంటాయి, చంకలో ఎప్పుడూ ఒక తోలుసంచీ. మా అన్న స్నేహితుడి కూతురు, అందుకని నన్ను బాబాయ్ అంటుంది.

"ఏమన్నా దొరికిందా బాబాయ్?"

"దొరికింది. వాడు చంపలేదు."

"అది నాకూ తెలుసు. జడ్జికి చెప్పడానికి ఏమన్నా దొరికిందా?"

టోపీ పెట్టుకుని కోర్టు వైపు నడిచాను.

పదీ నలభైకి కోర్టు గుమాస్తా రూబీ కిల్గోర్ బల్ల ముందు కూర్చున్నాం. ఆ బల్ల సరిగ్గా లైబ్రరీ తలుపుకి ఎదురుగా ఉంటుంది. రూబీ గోళ్లు అరగదీసుకుంటూ మాట్లాడింది.

"ఎన్నిసార్లు చెప్పాలి లాంజో? పన్నెండింటికి జడ్జిగారు భోజనానికి ఇంటికెళ్లారు. పన్నెండూ నలభైకి పోస్టుమాన్ పెట్టె మోసుకొచ్చాడు. ఎఫీ సంతకం చేసి తీసుకుంది. పోస్టుమాన్ వెంటనే బయటికొచ్చేశాడు. తరవాత ఒంటిగంటా పదిదాకా ఒక్క పురుగు లోపలికి పోలా. ఒంటిగంటా పదికి ఓటిస్ పోయాడు."

"నువ్వు కుర్చీలోంచి లేవలేదా?"

"లేస్తే నా సాండ్‌విచ్ ఎవరు కాపలా కాస్తారు? నీలాంటోళ్లున్నారుగా."

"పెట్టెలో ఏముంది?"

"పుస్తకాలేవో. ప్రతి ఏడూ వస్తాయి. ఈసారి ఆలస్యమయ్యాయని ఎఫీ వారం నించీ పోస్టాఫీసు వాళ్లని తిడుతోంది."

"జడ్జిగారు మళ్లీ ఎప్పుడొచ్చారు?"

"ఒంటిగంటన్నరకి, ముందు గుమ్మంలోంచి. అప్పటికే పోలీసులు వచ్చి లైబ్రరీ మూసేశారు. పాపం, ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది."

డాక్టరు రాసిన కాగితం ప్రకారం ఎఫీ పోయింది పన్నెండూ ముప్పావుకీ ఒకటింబావుకీ మధ్య. రూబీ మాటే నిజమైతే, ఆ అరగంటలో లోపలికెళ్లింది ఓటిస్ ఒక్కడే. అతని ఉరితాడు ఆ బల్ల దగ్గర నించే పేనుకుంటూ వస్తోంది.

లైబ్రరీ తలుపు దగ్గర పోలీసు డెప్యూటీ డెల్మర్ రాట్లిఫ్ కాపలా ఉన్నాడు. ఓటిస్‌ని పట్టుకున్నది అతనే. ముప్పై అయిదేళ్ల వయసు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. తలుపుకీ గుమ్మానికీ కలిపి ఎర్ర కాగితం అంటించి, దాని మీద సంతకం చేసి పెట్టాడు.

"పదిహేను నిమిషాలు," అన్నాడు గడియారం చూపిస్తూ. "చూడండి, ముట్టుకోండి, ఏదీ బయటికి తేవద్దు. వచ్చేటప్పుడు సంచీ వెతుకుతా. పెద్దాయనా, నీ టోపీ కూడా."

"టోపీలో ఏముంటదబ్బాయ్, బట్టతల తప్ప."

"రైలు డబ్బాల్లో కోడి దొంగల్ని పట్టుకున్నట్టు కాదు, ఇది హత్య."

"కోడి దొంగలే నయం డెల్మర్. ఈకలైనా వదిలిపోయేవాళ్లు. బుధవారం ఎన్నింటికి సీలు వేశావు?"

"ఒంటిగంటా ఇరవై అయిదుకే తలుపు మూసి, డాక్టరు శవాన్ని తీసేదాకా, రెండున్నర వరకు, లోపలే ఉన్నా. తరవాత సీలు. అప్పట్నించీ నా సీలు దాటి ఈగ కూడా పోలా. కావాలంటే బైబిల్ మీద చెయ్యేసి చెప్తా."

"మధ్యాహ్నం ఎలాగూ వేస్తావుగా," అంది ఐడా.

అతను సీలు చింపి తలుపు తీశాడు. పదకొండు గంటల అయిదు నిమిషాలు.

లోపల ముందుగా ఇనప మెట్ల దగ్గరికి వెళ్లాను. మెలికలు తిరిగిన మెట్లు, పైన జడ్జిగారి గదిలోకి పోతాయి. ఆ గదికి వెనక వీధిలోంచి వేరే గుమ్మం కూడా ఉంది. కింది మెట్టు అంచున ఎండిన మరక. తల వెనక దెబ్బ అన్నాడు డాక్టరు. వెనక్కి తూలితే తగిలే చోటే అది. ఎవరో ఎదురుగా నిలబడి తోశారన్నమాట.

"పైన తలుపు తాళం వేసుంది," డెల్మర్ గుమ్మంలోంచి అరిచాడు. "నేనే లాగి చూశా. జడ్జిగారు పన్నెండింటికే వేసుకుని పోయారు."

"ఎవరు చెప్పారు?"

"జడ్జిగారే."

నేను గోడ వైపు తిరిగాను. గోధుమరంగు అట్టల పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇటుకంత. వీపు మీద ఒకటి నించి నలభై దాకా అంకెలు. వాటి ముందు నేల మీద విప్పిన అట్టపెట్టె, దానిలో పల్చటి పుస్తకాల కట్ట.

"ఇవేంటమ్మాయ్?"

"మన రాష్ట్రం చట్టాలు బాబాయ్. చట్టం ఏటా మారుద్ది. మారినప్పుడల్లా నలభై ఇటుకలూ మళ్లీ అచ్చెయ్యలేరుగా? అందుకని మార్పుల వరకే ఈ పల్చటి సప్లిమెంటు వేస్తారు. చూడు, వెనక అట్టకి లోపల జేబుంది. పాతది పీకేసి కొత్తది దాన్లో దోపాలి. మంచి లాయరు ముందు పుస్తకం చదవడు, ముందు జేబు చూస్తాడు. ఎఫీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది, ‘చచ్చిన చట్టం చదివి బతికున్నోణ్ణి చంపకండి’ అని."

చెత్తబుట్టలో పాత సప్లిమెంట్లు అడ్డంగా చింపి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండు.

గోడ దగ్గరికెళ్లి ఒక్కో పుస్తకం వెనక అట్ట ఎత్తి చూశాను. ఒకటో సంపుటంలో కొత్తది, బుధవారం తేదీ ముద్రతో. రెండులో కొత్తది. అలా ఎనిమిది దాకా. పదిలో కొత్తది, పదకొండులో కొత్తది. పన్నెండు నించి అన్నీ పాతవే. అంటే పన్నెండోది తీయబోయేలోపు ఎఫీ పని ఆగిపోయింది.

తొమ్మిదో చోట మాత్రం బెత్తెడు ఖాళీ. తొమ్మిదో సంపుటం మెట్ల పక్కన చదువుకునే బల్ల మీద ఉంది.

"ఎఫీ వరస తప్పి పనిచేసే మనిషా?"

"చెంచాలు కూడా వరసలో పెట్టేది."

"అయితే పదీ పదకొండూ అయిపోయాక తొమ్మిది మళ్లీ బల్ల మీదికి ఎందుకొచ్చింది?"

ఐడా నా వైపు చూసింది. గబగబా వెళ్లి వెనక అట్ట ఎత్తింది. కొత్త సప్లిమెంటే, బుధవారం ముద్రే. మధ్యలో ఒక చోట పుస్తకం దానంతటదే తెరుచుకుంది. ఎవరో వేళ్లతో నొక్కి పట్టుకుని చదివిన చోటు. ముప్పై ఒకటో పేజీ.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైందమ్మాయ్?"

ఐడా తోలుసంచీలోంచి ఒక కాగితం తీసింది. బుధవారం ఇంకో కేసులో ఆమె ఓడిపోయిన ఆర్డరు, ఒక ముసలమ్మ కంచె తగాదా. కింద జడ్జి స్టాలర్డ్ సంతకం, పక్కన కోర్టు ముద్ర: బుధవారం, రెండు గంటల పది నిమిషాలు.

"చూడు, ఇక్కడ," గొంతు బాగా తగ్గించింది. "జడ్జి ఏ మాటన్నా అది ఎక్కడ చూసి అన్నాడో రాయాలి. దాన్నే సైటేషన్ అంటాం. ఏ పుస్తకం, ఎన్నో సంపుటం, ఎన్నో పేజీ. చదివినోడు వెళ్లి అదే చోట వేలు పెట్టి చూసుకోవాలి. చదువు."

అంకెలైతే నేనూ చదవగలను. తొమ్మిదో సంపుటం. ఈ సంవత్సరం సప్లిమెంటు. పేజీ ముప్పై ఒకటి.

"ఇదే ఆర్డరు చూసి రెండ్రోజుల్నించీ నన్ను నేను తిట్టుకుంటున్నా బాబాయ్. ఈ కొత్త చట్టం నాకెలా తెలీకుండా పోయిందా అని. నాకెలా తెలుస్తుంది? ఇది ఊళ్లోకొచ్చిందే బుధవారం పన్నెండూ నలభైకి!"

"జడ్జి గదిలో ఇంకో సెట్టు లేదా?"

"కౌంటీ మొత్తానికి ఇదొక్కటే. ఆయన కూడా ఈ మెట్లు దిగొచ్చే చూస్తాడు. ఇంకోటి పక్క కౌంటీలో, అరవై మైళ్లు."

నా మెదడు నెమ్మదిగా తిరుగుతుంది, కానీ ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆగదు. పన్నెండూ నలభైకి పెట్టె వచ్చింది. ఒక్కో పుస్తకానికి ఓ నిమిషమైనా పడుతుంది. అంటే తొమ్మిదోది తయారయ్యేసరికి ఒంటిగంట కావస్తుంది. ఒంటిగంటా ఇరవై అయిదు నించి రెండున్నరదాకా డెల్మర్ లోపలే ఉన్నాడు, ఆర్డరు మీద ముద్ర పడింది రెండూ పదికి. అంటే డెల్మర్ రాకముందే, ఈ పేజీ చదివినవాడు ఈ గదిలో నిలబడి చదివాడు. రూబీ ముందు నించి రాలేదు. ఇంక మిగిలింది ఒక్కటే దారి.

మా ఇద్దరి తలలూ ఒకేసారి పైకి తిరిగాయి, ఇనప మెట్ల చివర ఉన్న తలుపు వైపు.

"ఆయనకి అలవాటు బాబాయ్," అంది ఐడా. "కొత్త సప్లిమెంటు చూడకుండా ఆర్డరు మీద సంతకం పెట్టడు. బద్ధకస్తుడైతే దొరికేవాడు కాదు."

"ఎందుకు చంపాడు?"

"తెలీదు."

"నాకూ తెలీదు. ఎప్పుడో మాత్రం తెలిసింది."

"టైమైపోయింది!" డెల్మర్ గడియారం మీద గోటితో కొట్టాడు.

పుస్తకం తీసుకుపోవడానికి లేదు. ఉన్నచోటే వదిలేశాం. డెల్మర్ సంచీ అంతా తిరగేశాడు, నా టోపీ లోపల కూడా తడిమాడు. తలుపు మూసి కొత్త సీలు అంటించి సంతకం పెట్టాడు.

"దొరికాయా ఈకలు?"

"నీ సీలు గట్టిదేనా డెల్మర్?"

"నా పెళ్లి కంటే గట్టిది."

పన్నెండింటికి ఐడా పక్క కౌంటీకి ఫోన్ చేసింది. వాళ్లకి సప్లిమెంట్లు చేరింది గురువారం. జడ్జి అక్కడ చదివానని తప్పించుకునే దారీ మూసుకుపోయింది. పన్నెండుంబావుకి రూబీ దగ్గరికెళ్లి బుధవారం ఆర్డరుకి సర్టిఫైడ్ నకలు అడిగింది. రూబీ ముద్ర కొట్టి ఇచ్చింది, "కంచె తగాదా కాగితం ఇవాళెందుకు?" అని కూడా అడిగింది. మేం చేసిన తప్పు అదే. రూబీకి తెలిసింది పై గదికి తెలియకుండా ఉండదన్న సంగతి నాకు తట్టలేదు.

ఒక గిన్నెడు చిక్కుడు గింజల పులుసు ముందు పెట్టుకుని ఇద్దరం తినకుండా కూర్చున్నాం.

"జడ్జి మీద జడ్జికే ఎలా చెప్తావమ్మాయ్?"

"ఆయనకి కాదు చెప్పేది, స్టెనోకి. ఈ కోర్టులో నోటి నించి వచ్చిన ప్రతి మాటా ఆవిడ రాస్తుంది. పై కోర్టు వాళ్లు సాక్షి మొహం చూడరు, ఆ రాసింది చదువుతారు. ఆ పైన సుప్రీం కోర్టయినా అదే కాగితం. ఇక్కడ పలకని మాట అక్కడ లేనట్టే. అందుకని డెల్మర్‌ని రెండు ప్రశ్నలడుగుతా. తరవాత నువ్వు అంకెలు చెప్పు. అంకెలే. ఊహలొద్దు. ఆయన నోరు మూయించేలోపు చెప్పెయ్."

"నేను నెమ్మదిగా మాట్లాడతాగా."

"ఇవాళ ఒక్కరోజు తొందరపడు బాబాయ్."

రెండింటికి అందరం లేచి నిలబడ్డాం. జడ్జి మెరిట్ స్టాలర్డ్ తన గది తలుపులోంచి వచ్చి కూర్చున్నాడు. తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు. ఓటిస్ చేతులకి బేడీలు ఉన్నాయి. దగ్గు వచ్చినప్పుడు రెండు చేతులూ కలిపి నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు.

డెల్మర్ బోను ఎక్కి ప్రమాణం చేశాడు. ఓటిస్ గురించి చెప్పాల్సిందంతా చెప్పాడు. ఐడా లేచింది.

"బుధవారం ఒంటిగంటా ఇరవై అయిదు నించి ఈ పొద్దున మేం వెళ్లేదాకా మీరూ డాక్టరూ తప్ప ఆ గదిలోకి ఎవరైనా వెళ్లారా?"

"లేదు."

"మేం బయటికొస్తున్నప్పుడు వెతికారా? ఏమన్నా తెచ్చామా?"

"వెతికా. ఏమీ తేలేదు." డెల్మర్ ఇంకేదో అనబోయి, జడ్జి వైపు చూసి, మానేశాడు.

తరవాత నన్ను పిలిచారు. నా జీవితంలో అంత తొందరగా ఎప్పుడూ మాట్లాడలేదు. పెట్టె వచ్చిన టైము. చింపిన పాత సప్లిమెంట్లు పదకొండు. కొత్తవి పదకొండు. బల్ల మీద తొమ్మిదో సంపుటం. బుధవారం ముద్ర. పేజీ ముప్పై ఒకటి. స్టెనో వేళ్లు మీటల మీద టకటకలాడుతున్నాయి.

"దీనికీ కేసుకీ సంబంధమేంటి?" జడ్జి అడిగాడు, మెత్తగానే.

"సంబంధం ఈ కాగితంలో ఉంది యువరానర్," అని ఐడా సర్టిఫైడ్ నకలు ఎత్తి పట్టుకుని, సైటేషన్ పైకి చదివింది. సంపుటం, సప్లిమెంటు, పేజీ. ముద్ర మీది తేదీ, టైము. చివర సంతకం ఎవరిదో ఆ పేరు కూడా చదివింది.

ముందు వరసలో ఎవరో "ఓరి దేవుడా" అన్నారు.

జడ్జి మొహంలో ఏమీ మారలేదు. అందుకే నాకు భయం వేసింది.

"సాక్షి చెప్పిందీ, లాయరు చదివిందీ రికార్డు నించి కొట్టేయండి," అన్నాడు. "ఇద్దరిదీ కోర్టు ధిక్కారం. డెప్యూటీ, ముందు ఆ ముసలాయనకి బేడీలు వెయ్యి. నిందితుడి మీద సాక్ష్యం చాలు. సాయంత్రందాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే బండెక్కించు."

"మా మాటలూ ఉంచమ్మా, కొట్టేయమన్న మాట కూడా రాసుకో," ఐడా స్టెనోతో గట్టిగా అంది. "పై కోర్టు రెండూ చదువుద్ది!"

డెల్మర్ బేడీలు తీసుకుని నా దగ్గరికొచ్చాడు. నేను చేతులు చాచాను. అతను నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ పుస్తకం ఎట్టా తీశావు?"

"తియ్యడమేంటి? మమ్మల్ని వెతికింది నువ్వేగా."

"అదే నాకర్థం కావట్లా. ఇవాళ ఒంటిగంటన్నరకి సీలు తీసి లోపలికెళ్లా. నువ్వంతసేపు దేని మీద వాలావో చూద్దామని. బల్ల ఖాళీ. గోడకి చూశా, ఎనిమిది పక్కన బెత్తెడు ఖాళీ. చెత్తబుట్ట కూడా ఖాళీ."

మా చేతిలో ఉన్న సాక్ష్యం అంతా అదే.

"సీలు ఎలా ఉంది డెల్మర్?"

"నేను పెట్టినట్టే ఉంది. నా సంతకం ఒక్క గీత కూడా చెదర్లా."

అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర చెమట పట్టడం చూశాను. అనాల్సింది నేను కాదు.

డెల్మర్ నిటారుగా లేచాడు. బేడీలు నా చేతులకి తగిలించకుండా తన నడుముకి తగిలించుకున్నాడు.

"అయ్యా," అన్నాడు జడ్జితో. "నా సాక్ష్యం ఇంకా అవలేదు. పొద్దున ఆ గదిలో ఉన్న పుస్తకం ఇప్పుడు లేదు. నా తలుపు నించి పోలేదు. ఆ గదికున్న రెండో తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో నేను ప్రమాణం మీద చెప్పాలి."

స్టెనో వేళ్లు ఒక్క మాట వదలకుండా కదిలాయి. జడ్జి స్టాలర్డ్ కుడిచెయ్యి నల్ల కోటు మడతల్లోంచి నెమ్మదిగా, పిస్తోలు ఉండే బల్ల సొరుగు వైపు జారింది.

అది నాకంటే ముందు డెల్మర్ చూశాడు. రెండు రోజులుగా తను ఊరంతా హంతకుడని చాటిన ఓటిస్ పెల్ఫ్రీని భుజం పట్టి లాగి, తన వెనక నిలబెట్టుకున్నాడు.